తగ్గింపు సరే, దేని మీద తగ్గింపు?

(దువ్వాడలో జరిగిన ఉత్తరాంధ్ర ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక రాష్ట్రం అనగానే మనం నీళ్ళ గురించి, కొలువుల గురించి, ఉక్కు ఫ్యాక్టరీ గురించి మాట్లాడతాం. మాట్లాడాల్సిందే. కానీ గాజువాక బజారులో చీర కొనే తల్లిని, కూర్మన్నపాలెంలో నెల సరుకులు మోసుకెళ్ళే కాంట్రాక్టు కార్మికుణ్ణి ఆపి "రాష్ట్రం వస్తే మీకేటొస్తాది?" అని అడిగితే మన దగ్గర జవాబు ఉందా? సంత దగ్గర, షాపు దగ్గర, మాల్ దగ్గర జనం రోజూ చట్టంతో తలపడుతున్నారు. అది చట్టమని వాళ్ళకి తెలియదు, అంతే. ధర ఎవరు పెడతారు, తగ్గింపు అంటే ఏమిటి, ఉచితం అంటే ఏమిటి అని చెప్పే చట్టాల గురించి ఈ వేళ నాలుగు మాటలు చెబుతాను.

ధర అనేది దానంతటది పుడుతుందనీ, మార్కెట్టే దాన్ని నిర్ణయిస్తుందనీ మనకు చెబుతుంటారు. ఈ దువ్వాడలో నిలబడి ఆ మాట నమ్మడం కష్టం. 1956 నుంచి కేంద్రం ఉక్కుకి రవాణా ఖర్చుల సమానీకరణ విధానం పెట్టింది. గని పక్కనున్న ఊళ్ళోనూ, గనికి వెయ్యి మైళ్ళ దూరంలోని ఊళ్ళోనూ ఉక్కు ధర ఒకటే. బీహారు, ఒరిస్సా, బెంగాలు దాని వల్ల చాలా నష్టపోయాయి. ఖనిజం తమది, లాభం ఇంకొకరిది. 1992 జనవరిలో ఉక్కు ధరల నియంత్రణ ఎత్తేశారు. అదే ఏడాది ఆగస్టు 1న మన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అంటే మన ఫ్యాక్టరీ గట్టిగా నిలబడే వేళకి అమ్మే ధర బజారుకి వదిలేశారు. కొనే ఖనిజానికి మాత్రం సొంత గని ఇవ్వలేదు. ఇవన్నీ ఎవరో ఒక బల్ల దగ్గర కూర్చుని తీసుకున్న నిర్ణయాలే. ఆ బల్ల ఎక్కడుంది, దాని దగ్గర మనకి కుర్చీ ఉందా అన్నదే ప్రశ్న. ఉక్కు సంగతిలో అడిగిన ఈ ప్రశ్నని ఉప్పు, పప్పు, చీరల సంగతిలోనూ అడుగుదాం.

ఎమ్మార్పీ ఎవరు రాస్తారు?

పొట్లం మీద ఎమ్మార్పీ ఉంటుంది. అది ప్రభుత్వం పెట్టిన ధర అని మనలో చాలామంది అనుకుంటాం. మందుల్లాంటి కొన్ని సరుకులు వదిలేస్తే, కాదు. ఆ అంకె రాసేది సరుకు తయారుచేసినవాడు. చట్టం అతనికి చెప్పేది ఒక్కటే: పన్నులన్నీ కలిపి గరిష్ఠ ధర ఇంత అని అచ్చువెయ్యి. దుకాణదారుకి చెప్పేది ఒక్కటే: అచ్చువేసిన దానికంటే ఎక్కువ తీసుకోకు. ఎంత రాయాలి, ఖర్చు మీద ఎన్ని రెట్లు రాయొచ్చు అన్నదాని గురించి చట్టం మాట్లాడదు.

దీని వెనక కొంత చరిత్ర ఉంది. 1977 నాటి పొట్లాల నిబంధనల కింద ధర రాసి, పక్కన "స్థానిక పన్నులు అదనం" అని వేసుకోనిచ్చేవారు. ఆ అదనం ఎంతో కొన్నవాడికి తెలిసేది కాదు. దుకాణానికో లెక్క నడిచేది. ఆ దోపిడీ మీద గొడవ జరిగాకే 1990లో నిబంధన మారి, పన్నులతో కలిపిన ఎమ్మార్పీ తప్పనిసరి అయింది. తర్వాత 2009 తూనికలు కొలతల చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద 2011 పొట్లాల నిబంధనలు వచ్చాయి. ఒకే సరుకుకి బయట ఒక ఎమ్మార్పీ, సినిమా హాల్లో ఇంకో ఎమ్మార్పీ వేసే పద్ధతిని 2018 జనవరి 1 నుంచి నిషేధించారు. 2021 సవరణతో గ్రాముకి ఎంత, కిలోకి ఎంత అన్నది కూడా పొట్లం మీద చెప్పాల్సి వచ్చింది. "పెద్ద ప్యాకెట్టు లాభం" అనే మాట నిజమో కాదో తేల్చేది ఆ చిన్న అంకే. రేపు కొట్టుకి వెళ్ళినప్పుడు అది చూడండి.

ఇక్కడ మన భాష సంగతి ఒకటుంది. అదే నిబంధనల ప్రకారం పొట్లం మీద ఈ వివరాలు హిందీలోగాని ఇంగ్లీషులోగాని ఉండాలి. వాటితోపాటు వేరే భాషలో వేస్తే అభ్యంతరం లేదు. అంటే తెలుగు ఉంటే ఉండొచ్చు, లేకపోతే తప్పు కాదు. పార్వతీపురం కొండమీద సంతలో నూనె ప్యాకెట్టు కొనే మనిషికి ధర, తూకం, తేదీ అన్నీ చట్టప్రకారం చెప్పేసినట్టే లెక్క, అతనికి ఒక్క అక్షరం అర్థం కాకపోయినా.

మరి రైతు? బిస్కెట్టు చేసే కంపెనీకి తన సరుకు మీద తనే ధర రాసుకునే హక్కుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి దిమ్మలు తెచ్చిన రైతు తన బెల్లం మీద ధర రాసుకోగలడా? పాటలో కొనేవాడు చెప్పిందే ధర. మార్కెట్ కమిటీలు, కాటాలు, లైసెన్సులు చూడటానికి 1966 నాటి రాష్ట్ర మార్కెట్ల చట్టం ఉంది. అయినా అమ్మేటప్పుడు రైతుకి ధర ఎదుటివాడే చెబుతాడు. అదే రైతు కొనడానికి వెళ్తే అక్కడా ధర ఎదుటివాడే చెబుతాడు.

ఆషాఢం లెక్క

ఇప్పుడు తగ్గింపుల దగ్గరకి వద్దాం. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. కొనుగోళ్ళు పడిపోతాయి. నిల్వ ఉన్న బట్ట కదలాలి కాబట్టి ఆషాఢం తగ్గింపు పుట్టింది. అందులో తప్పేమీ లేదు. నిజంగా తగ్గిస్తే పేదింటికి అదే పండగ. కానీ ఒక చొక్కా మీద 2,000 అని అచ్చువేసి, ఏడాది పొడుగునా 1,000కే అమ్మి, ఆషాఢంలో "50 శాతం తగ్గింపు" అని బోర్డు పెట్టారనుకుందాం. తగ్గిందేమిటి? ఏమీ లేదు. ఆ 2,000 ఎవరూ ఎప్పుడూ కట్టని ధర. ఎవరూ కట్టని ధర మీద ఇచ్చే తగ్గింపు తగ్గింపు కాదు, అంకెల గారడీ.

దీన్ని చట్టం పట్టించుకోలేదా? కొంత పట్టించుకుంది. 1969 గుత్తాధిపత్య నిరోధక చట్టానికి 1984లో చేసిన సవరణతో మొదటిసారి "అనుచిత వ్యాపార పద్ధతులు" చట్టంలోకి ఎక్కాయి. 1986, 2019 వినియోగదారుల రక్షణ చట్టాలు వాటిని కొనసాగించాయి. ఒక సరుకు మామూలుగా ఏ ధరకి అమ్ముతున్నారన్న విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించడం అనుచితమే. ఆ ధరకి అమ్మే ఉద్దేశం లేకుండా తక్కువ ధర ప్రకటించడమూ అనుచితమే. 2022 జూన్‌లో కేంద్రం ప్రకటనల మార్గదర్శకాలు తెచ్చింది. ఎర ప్రకటన వేసి దుకాణంలో సరిపడా సరుకు లేకపోవడం తప్పు అంది. డెలివరీ లాంటి తప్పని ఖర్చు తప్ప ఇంకేమైనా వసూలు చేస్తూ "ఉచితం" అనడం తప్పు అంది. తప్పుడు ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వెయ్యొచ్చు.

వినడానికి బాగుంది. చిల్లు ఎక్కడుంది? "మామూలు ధర" అంటే ఎన్నాళ్ళ ధర అన్నదానికి ఒక కొలత లేదు. నిన్న ఉన్నదా, నెల కిందట ఉన్నదా, అసలు ఒక్క రోజైనా ఉన్నదా? దుకాణదారు పాత ధర ఆధారం చూపాలని బోర్డు దగ్గరే కట్టడి చేసే స్పష్టమైన రూలు లేదు. మోసపోయానన్నవాడే దాన్ని తేల్చుకోవాలి. కొన్నవాడి చేతిలో ఉన్నది ఒక బిల్లు. పాత బిల్లులన్నీ అమ్మినవాడి కంప్యూటర్లో ఉంటాయి.

బయటి దేశాల్లో ఈ చిల్లు పూడ్చారు. ఐరోపా యూనియన్‌లో 2022 మే 28 నుంచి ఒక నియమం అమల్లో ఉంది: తగ్గింపు ప్రకటించేవాడు అంతకుముందు 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరని పాత ధరగా చూపించాలి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం తన సొంత చట్టంలో, పాత ధర అని చెబుతున్నది ప్రకటనకి ముందు మూడు నెలల్లో బజారులో నిజంగా నడిచిన ధర అయ్యుండాలి, లేదా అది ఏనాటి ధరో ప్రకటనలోనే చెప్పాలి అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి: ఆ పని చేసింది ఒక రాష్ట్రం.

మన దగ్గర గెలిచిన సందర్భాలూ ఉన్నాయి. "ఇంత శాతం తగ్గింపు, పన్ను అదనం" అని రాసి, తగ్గించిన ధర మీద మళ్ళీ వ్యాట్ వసూలు చేసిన పద్ధతిని 2017 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ తప్పుపట్టింది. ఎమ్మార్పీలోనే పన్నులన్నీ ఉన్నప్పుడు దాని మీద ఇచ్చిన తగ్గింపులో పన్ను వేరే ఎక్కడిది అన్నదే వాదన. ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర సంచికి డబ్బులు తీసుకోవడం అనుచితమని 2020 డిసెంబరులో అదే కమిషన్ చెప్పింది. వీటి వెనక ఉన్నవాళ్ళు బిల్లు దాచుకుని కూర్చున్న మామూలు మనుషులు. ఓడిన సందర్భాలూ ఉన్నాయి. హోటల్లో నీళ్ళ సీసాకి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అక్కడ అమ్ముతున్నది సీసా ఒక్కటే కాదు, సేవ కూడా అని దాని తర్కం.

డ్రా, స్కీము, తరుగు

మన ప్రాంతంలో ఇంకో రకం గాలం ఉంది: లక్కీ డ్రా. కారు, బైకు, బంగారు నాణెం. అమ్మకం పెంచుకోవడానికి లాటరీ లాంటి ఆట పెట్టడం, ఇస్తామన్న బహుమతి ఇచ్చే ఉద్దేశం లేకపోవడం, ఫలితం చెప్పకుండా దాచడం, బహుమతి ఖర్చుని సరుకు ధరలో కలిపేసి "ఉచితం" అనడం, ఇవన్నీ అనుచిత పద్ధతులని చట్టంలో ఉంది. కూపను డబ్బాలో వేసి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళలో ఫలితం ఎక్కడ ప్రకటించారని అడిగినవాళ్ళు ఎంతమంది?

నెలనెలా కట్టే స్కీములు ఇంకా ప్రమాదం. నెలకో డ్రా తీస్తాం, పేరు వచ్చినవాడు మిగతా వాయిదాలు కట్టక్కర్లేదు అంటారు. అలాంటిది 1978 నాటి ప్రైజ్ చిట్స్ నిషేధ చట్టం కిందకి వచ్చే వ్యవహారం. చాపకింద నీరులా వీధివీధికీ వస్తుంది. షిఫ్టు కార్మికుల ఇళ్ళలో ఆడవాళ్ళు నమ్మకం మీద కడతారు. నిర్వాహకుడు పరారయ్యాక పోలీస్ స్టేషను ముందు కూర్చుంటారు.

బంగారం దగ్గర తరుగు, మజూరీ. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉన్న హాల్‌మార్క్ నగలే అమ్మాలి అన్నారు. స్వచ్ఛతకి కొలత వచ్చింది. తరుగు ఇంత శాతం మించరాదని చెప్పే చట్టం మాత్రం రాలేదు. అందుకే "తరుగులో సగం తగ్గింపు" అన్న బోర్డు చూస్తే మళ్ళీ అదే ప్రశ్న వెయ్యాలి. సగం సరే, దేనిలో సగం?

రాష్ట్రం చేతిలో ఏముంది?

ఇవన్నీ ఢిల్లీ చట్టాలు కదా, రాష్ట్రం వస్తే మాత్రం ఏం మారుతుందని ఒక మిత్రుడు అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. రాజ్యాంగం తెరిచి చూద్దాం. రాష్ట్రం లోపలి వ్యాపార వాణిజ్యాలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, 26వ అంశం. ధరల నియంత్రణ ఉమ్మడి జాబితాలో ఉంది, 34వ అంశం. ప్రమాణాలు నిర్ణయించడం తప్ప తూనికలు కొలతలు 1976 నుంచి ఉమ్మడి జాబితాలోనే ఉన్నాయి. కేంద్ర చట్టంతో పేచీ వస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. కానీ తలుపు మూసిలేదు. తగ్గింపుకి ముప్పై రోజుల కొలత పెడుతూ ఒక రాష్ట్ర శాసనసభ చట్టం చెయ్యడానికి పూనుకోవచ్చు.

చట్టం కేంద్రానిదైనా అమలు రాష్ట్రానిదే. తూనికలు కొలతల కంట్రోలర్‌ని, ఇన్‌స్పెక్టర్లని నియమించేది రాష్ట్రం. ప్రతి జిల్లాలో ఒక వినియోగదారుల కమిషన్ పెట్టాలని 2019 చట్టం 28వ సెక్షను రాష్ట్రానికే చెప్పింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. మన వైపు అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు పుట్టాయి. జిల్లా బోర్డుతోపాటు జిల్లా కమిషన్, దానికి భవనం, సభ్యులు, గుమస్తా రావాలి కదా? ఇచ్ఛాపురం నుంచి విజయవాడకి 500 కిలోమీటర్ల పైనే. అంత దూరంలో ఉన్న పై అధికారికి మన సంతలో కాటా ఎలా తూగుతుందో ఎవరు చెబుతారు?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కాటాకి ముద్ర లేదని బడ్డీకొట్టు ముసలమ్మ మీద కేసు రాయడం తేలిక. పెద్ద షోరూముకి వెళ్ళి "మీ పాత ధర రుజువు చూపండి" అనడం కష్టం. సిబ్బంది తక్కువున్న శాఖ తేలికైన పనే చేస్తుంది. చట్టం బలహీనుడి మీద పడటానికి అధికారి దుర్మార్గుడు కానక్కర్లేదు. మనిషి లేకపోతే చాలు.

సినిమా టికెట్టు నేర్పిన పాఠం

ఇక్కడ మనల్ని మనం మోసం చేసుకోకూడదు. రాష్ట్రం రాగానే ధరలు దిగుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. దానికి ఒక రుజువు సినిమా టికెట్టు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టమే విడిపోయాక రెండు రాష్ట్రాలకీ దక్కింది. 2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 ఇచ్చి టికెట్లు తగ్గించింది. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కింది తరగతి 5 రూపాయలు. ఆ డిసెంబరు 14న హైకోర్టు ఆ జీవోని నిలిపేసింది. వారం తిరక్కుండా, డిసెంబరు 21న తెలంగాణ జీవో 120 ఇచ్చి పెంచింది. మల్టీప్లెక్సులో 250 దాకా. 2022 మార్చి 7న ఆంధ్రప్రదేశ్ జీవో 13తో మళ్ళీ పెంచింది. ఒకే చట్టం, రెండు ప్రభుత్వాలు, ఒకే ఏడాదిలో రెండు దారులు. చట్టం ధరని నడపలేదు. చట్టాన్ని పట్టుకున్న చెయ్యి నడిపింది.

అదే తెలంగాణ 2018లో వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట పార్కింగు ఉచితం అని జీవో 63 ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు నుంచి మల్టీప్లెక్సుల్లో తినుబండారాల ధరల మీద అక్కడి తూనికలు కొలతల శాఖ కదిలింది. కొత్త రాష్ట్రం తలుచుకుంటే చెయ్యగలదు. ఎవరైనా తలుచుకునేలా చేస్తేనే చేస్తుంది.

మద్యం సంగతి చూడండి. ఎక్సైజు చట్టం రాష్ట్రానిది, సరఫరా చేసే సంస్థ రాష్ట్రానిది, సీసా మీది ధర రాష్ట్రం నిర్ణయించినది. అయినా ఎమ్మార్పీకి మించి అమ్మిన సిండికేట్ల మీద 2011 చివర్లో ఏసీబీ దాడులు చెయ్యాల్సి వచ్చింది. అధికారం దగ్గరుంటే చాలదు. అడిగేవాడు కూడా దగ్గరుండాలి.

మనం ఏం అడగాలి? ఏం చెయ్యాలి?

కాబట్టి మన ప్రత్యేక రాష్ట్ర డిమాండులో దుకాణం కూడా ఉండాలి. నాలుగు అంశాలు పెడదాం. ఒకటి, తగ్గింపు బోర్డు మీద అంతకుముందు 30 రోజుల్లో అమ్మిన అతి తక్కువ ధర వెయ్యాలని చట్టం. రెండు, రాష్ట్రంలో అమ్మే ప్రతి పొట్లం మీద ధర, తూకం, తేదీ తెలుగులో కూడా ఉండేలా ఒత్తిడి, దుకాణంలో ధరల పట్టిక తెలుగులో. మూడు, ప్రతి జిల్లాకి పనిచేసే వినియోగదారుల కమిషన్, ప్రతి మండలానికి అందే తూనికల ఇన్‌స్పెక్టరు. నాలుగు, స్కీములు, డ్రాలు నడిపేవాడు ముందే కలెక్టరు దగ్గర నమోదు కావాలి. ఫలితాన్ని దుకాణం గోడ మీద అంటించాలి.

ఈ నాలుగూ ఇప్పుడున్న ప్రభుత్వాన్నీ అడగొచ్చు. అడగాలి. రాష్ట్రం వచ్చేదాకా ఆగమని జనానికి చెప్పే హక్కు మనకి లేదు. ఇప్పుడు అడగడం నేర్చుకోని జనం రేపు సొంత రాష్ట్రంలోనూ అడగరు. అప్పుడు మనకి మిగిలేది కొత్త జెండా, పాత బోర్డు.

ఫిర్యాదుకి భయపడక్కర్లేదు. బిల్లు దాచండి, బోర్డుని ఫోటో తీయండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ సహాయవాణి పలుకుతుంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు.

చివరగా ఒక పని. వచ్చే జ్యేష్ఠంలో, ఆషాఢానికి నెల ముందు, మన కార్యకర్తలు గాజువాక, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం బజార్లలో పది సరుకుల ధరలు రోజూ ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఏ దుకాణం, ఏ సరుకు, ఏ తేదీ, ఎంత. వీలైతే ఫోటోతో సహా. ఆషాఢం బోర్డులు లేచాక ఆ పుస్తకం పక్కన పెట్టి చూద్దాం. నిజంగా తగ్గించిన వర్తకుడి పేరు మెచ్చుకుంటూ చెబుదాం. అతను మన చిన్న వ్యాపారే అయ్యుంటాడు, దొంగ తగ్గింపుల వల్ల మొదట దెబ్బతినేది అతనే. తగ్గించకుండా తగ్గించానన్నవాడి లెక్కని ఫిర్యాదుతో కమిషన్ ముందు పెడదాం. చట్టం మనల్ని పాత ధర రుజువు అడుగుతోంది. ఆ రుజువు ఇప్పటిదాకా వాళ్ళ కంప్యూటర్లలోనే ఉంది. ఇక మీదట మన నోటుపుస్తకాల్లో కూడా ఉండాలి.

జై ఉత్తరాంధ్ర!